సేవాభావమూ, జీతపు రాళ్ళూ

నర్సులలో పూర్వపు సేవాభావం సన్నగిల్లిందనీ, డబ్బుకు ఆశపడి ప్రభుత్వోద్యోగాలు విడిచి వెళ్ళిపోతున్నారనీ పెద్దలు వేదికలపై విచారం వెలిబుచ్చడం తరచు వింటున్నాము. ఈ అభిప్రాయంతో మేము ఏకీభవించలేము. కొనియాడినంత మాత్రాన ఏ దేశంలోనూ నర్సు నిలువలేదు. ఇందుకు బ్రిటన్ ఉదాహరణ చాలును.

1948లో నెలకొల్పిన జాతీయ ఆరోగ్య సేవ ఆ దేశీయులకు గర్వకారణం. అటువంటి చోట, ఇంగ్లండులో, 2017లో నర్సింగు విద్యార్థుల ఉపకార వేతనాలు రద్దు చేసి, అప్పు చేసి చదువుకొమ్మన్నారు. 2020లో కోవిడ్ ప్రబలిన తొలి నెలల్లో ప్రతి గురువారం రాత్రి 8 గంటలకు జనులు వాకిళ్ళలో నిలిచి చప్పట్లు చరిచారు. ప్రధానమంత్రి కూడా చరిచారు. మరుసటి మార్చిలో ఆ ప్రభుత్వమే ప్రతిపాదించిన జీతపు పెంపు నూటికి ఒక్కటి! నిరసన వెల్లువెత్తగా అది మూడయింది. 2022 అక్టోబరు నాటికి ధరల పెరుగుదల నూటికి 11 దాటింది. తుదకు 1916లో స్థాపితమైన రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్, ఇంగ్లండులో తన చరిత్రలోనే ప్రప్రథమంగా, 2022 డిసెంబరు 15న సమ్మెకు దిగింది.

జీతం ఒక్కటే కారణమని మేము అనము. ఒకరు వెళ్ళిపోతే ఆమె పని మిగిలినవారి నెత్తిన పడుతుంది. వేళకు కట్టు మార్చలేక, దాహమన్న వృద్ధునికి నీరందించలేక ఇల్లు చేరిన నర్సు తన వృత్తికి తానే ద్రోహం చేసినట్లు కుములుతుంది. సేవాభావం లేనివారు ఈ స్థితిలోనూ నిశ్చింతగా ఉండగలరు. ఉన్నవారే ముందుగా వెళ్ళిపోతారు.

మన దేశంలో బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకు, సాధారణాసుపత్రులలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగు మండలి ప్రమాణం. ప్రభుత్వాసుపత్రి వార్డులో ఒక రాత్రి గడిపినవారికి వాస్తవం వేరే చెప్పనక్కరలేదు. పైగా అక్కడ పలువురు కాంట్రాక్టుపై ఉన్నవారే. పని సమానం, జీతం మాత్రం కాదు. (ఈ బాధ కొందరు అధ్యాపకులకూ తెలియనిది కాదు, పాలకవర్గం పెద్దలు మన్నింతురు గాక.)

మా వద్ద ఇంటర్మీడియట్ చదివి నర్సయిన ఒక పూర్వ విద్యార్థిని గత వేసవిలో ధ్రువపత్రం కొరకు వచ్చింది. జర్మన్ భాష నేర్చుకుంటున్నదట.

"ఇక్కడి రోగులను విడిచి వెళ్తావా అమ్మా?" అని మేమూ ఆ పెద్దల మాటే అన్నాము.

"రాత్రంతా నలభై మందికి నేనొక్కదాన్నే సార్. ఎవరిని చూసినట్లు?" అన్నది.

మారు పలుకక సంతకం చేసి ఇచ్చాము.