మెట్ల ఊళ్లలో మిట్టమధ్యాహ్నం

పిల్లలు జర్మనీలోనో, నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగాల్లో కుదురుకున్నాక, వేసవి సెలవులకి అమ్మానాన్నల్ని పిలిపించుకుని ఇటలీ, గ్రీసు, స్పెయిను తిప్పి చూపించడం ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నదే. బయల్దేరే ముందు బి.పి. చూపించుకోడానికి వచ్చినవారికి "ఎండలు జాగ్రత్తండీ" అని చెబితే నవ్వుతారు. "రెంటచింతల పక్కన పుట్టి పెరిగినవాళ్లం, అక్కడి ఎండ మమ్మల్నేం చేస్తుంది డాక్టరుగారూ?" అంటారు.

చేస్తుంది. ఎందుకో చెబుతాను, వినండి.

మే నెలలో మా ఆసుపత్రికి వడదెబ్బతో వచ్చేవాళ్లు ఎండ ఎరగనివాళ్లు కారు. ఎండలో పని చెయ్యక తప్పనివాళ్లు. ఒళ్లు వంచి పని చేస్తుంటే కండరాల్లోంచి వేడి పుడుతుంది. పైనుంచి ఎండ వేడి, లోపలినుంచి పని వేడి, రెండూ కలిసినప్పుడు చెమట ఒక్కటీ ఆ భారం మొయ్యలేదు. మీరు మన ఊళ్లో మేలో మధ్యాహ్నం ఏం చేస్తారు? తలుపులు దగ్గరికి వేసుకుని, మజ్జిగ తాగి, ఫ్యాను కిందో ఏసీ కిందో నడుం వాలుస్తారు. అదే మీరు సిసిలీ వెళ్లారనుకోండి, టిక్కెట్లకి లక్షలు పోశాం కదా అని పన్నెండింటికి కొండ ఎక్కుతారు. ఆ సిసిలీలోనే 2021 ఆగస్టు 11న 48.8 డిగ్రీలు నమోదైంది. యూరప్ ఖండానికంతటికీ అదే రికార్డు.

పైగా అక్కడి అందమైన ఊళ్లన్నీ మెట్ల ఊళ్లే. ఇటలీ వాయవ్య తీరంలో చింక్వే తెర్రె అని ఐదు ఊళ్లున్నాయి. వాటిలో కోర్నీలియా అనే ఊరు సముద్రానికి దాదాపు వంద మీటర్ల ఎత్తున కొండమీద ఉంటుంది, రైలు స్టేషనేమో కింద ఉంటుంది. మధ్యలో 380 దాకా ఇటుక మెట్లు. "తిరుమల కొండెక్కినవాళ్లం, ఇదెంత!" అనుకోకండి. అలిపిరి దారికి చాలామటుకు పైకప్పు ఉంది, ఎక్కేవాళ్లలో ఎక్కువమంది తెల్లవారుజామునే మొదలుపెడతారు. కోర్నీలియా స్టేషను నుంచి పైకి చిన్న బస్సు నడుస్తుంది. అరవై దాటినవారు నామోషీ పడకుండా అది ఎక్కండి.

సముద్రతీరంలో ఇంకో మోసం ఉంది. గాలి చెమటని ఎప్పటికప్పుడు ఆర్పేస్తుంటుంది కనక, ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలియదు. వయసు పైబడ్డవారికి దాహం కూడా ఆలస్యంగా వేస్తుంది.

చదువుకున్నవాళ్లకి ఇవన్నీ తెలుసులే అంటారా? మైఖేల్ మోస్లీ అని, వైద్యం చదివి బి.బి.సి.లో ఆరోగ్య కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్నాయన. 2024 జూన్ 5న గ్రీసులోని సీమి దీవిలో మధ్యాహ్నపుటెండలో ఒంటరిగా, ఫోనైనా లేకుండా నడిచి బయల్దేరారు. నాలుగు రోజులకి సముద్రపుటొడ్డు రాళ్లమధ్య మృతదేహం దొరికింది. ఆయనకి 67 ఏళ్లు. వడదెబ్బ కావచ్చు, బయటపడని జబ్బేదైనా కావచ్చు అని విచారణ చేసిన అధికారి తర్వాత అభిప్రాయపడ్డారు.

అక్కడివాళ్లని చూసి నేర్చుకోండి. దక్షిణ ఇటలీ పల్లెల్లో ఒంటిగంట దాటితే దుకాణాలు మూసేసి ఇళ్లలోకి పోతారు. ఆ వేళకి కంట్రోరా అని పేరే పెట్టుకున్నారు. అప్పుడు వీధుల్లో కనిపించేది పిల్లులూ, టూరిస్టులూ! ఏథెన్సులో 2023 జులైలోనూ, 2024 జూన్‌లోనూ ఎండలు ముదిరితే అక్రోపొలిస్ కొండని మధ్యాహ్నవేళ ప్రభుత్వమే మూసేసింది. మీరూ పదకొండు లోపు తిరిగి, మళ్లీ అయిదు దాటాక బయటికి రండి. వేసవిలో అక్కడ రాత్రి ఎనిమిదింటిదాకా వెలుతురు ఉంటుంది, చూడ్డానికి ఏమీ తక్కువ కాదు.

వీధి కుళాయిల నీళ్లు చాలాచోట్ల తాగొచ్చు. "నాన్ పొటాబిలే" అని రాసి ఉంటే మాత్రం తాగకూడదు. చల్లటి బీరు దాహం తీర్చదు సుమా.

మనిషి నీరసంగా, తలనొప్పిగా ఉందంటే నీడకి చేర్చి నీళ్లు పట్టండి. కాని మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా అది వడదెబ్బే అనుకోండి. చర్మం పొడిగా ఉండాలనేం లేదు, చెమటతో తడిసినా వడదెబ్బే. వెంటనే 112కి ఫోన్ చెయ్యండి, యూరప్ యూనియన్ దేశాలన్నిటా అదే నంబరు. అంబులెన్సు వచ్చేదాకా ఊరుకోకుండా ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. పారాసిటమాల్ ఈ వేడిని దించదు. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పొయ్యకండి.

ఇక మందుల సంగతి. మూత్రం ఎక్కువగా పోయేట్టు చేసే బి.పి. మాత్రలు, షుగరుకి వాడే డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు ఎండలో ఒంటిని మరింత ఎండబెడతాయి. సొంతంగా మానెయ్యొద్దు, బయల్దేరేముందే మీ డాక్టరుతో మాట్లాడండి. గుండె బలహీనత ఉన్నవారు నీళ్లెన్ని తాగాలో కూడా అడగాలి.

ఇన్సులిన్ తీసుకునేవారికి అక్కడి భోజనం వేళలతో చిక్కు. ఇటలీలో చాలా హోటళ్లు రాత్రి ఏడున్నరకి గాని తెరవవు, స్పెయినులో తొమ్మిదవుతుంది. అలవాటుగా ఏడింటికే భోజనం ముందు ఇంజక్షను వేసుకుని మూసిన తలుపుల ముందు నిలబడితే షుగరు పడిపోతుంది. పైగా మెట్లెక్కిన రోజు అది మామూలుకన్నా త్వరగా పడుతుంది. పళ్లెం ఎదురుగా వచ్చాకే సూది వేసుకోండి, జేబులో గ్లూకోజు ఉంచుకోండి. ఇన్సులిన్ విమానంలో చేతిసంచీలోనే పెట్టుకోవాలి, అడుగున సామాన్లలో వేస్తే గడ్డకట్టవచ్చు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారెయ్యాలి. ఎండలో ఆపిన కారులోనూ వదలకండి.

వీసాకి 30,000 యూరోల ఆరోగ్య బీమా ఎలాగూ అడుగుతారు. ఆ ఫారంలో బి.పి., షుగరు, పాత స్టెంటు ఉన్నవి ఉన్నట్టు రాయండి. దాచిపెడితే ఆసుపత్రి బిల్లు మీ అబ్బాయి నెత్తిన పడుతుంది.