థింసా ఆడించారు, భూమి మాటెత్తరేం?

ప్రతి ఏడూ ఆగస్టు 9 వస్తుంది. ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించిన ప్రపంచ ఆదివాసీ దినం అది. ఆ రోజు ఏజెన్సీలో షామియానాలు లేస్తాయి. ఆఫీసర్లు కొమ్ములు నెత్తిన పెట్టుకొని ఫొటోలు దిగుతారు. ఆడబిడ్డల చేత థింసా ఆడిస్తారు. నాయకులు గొంతు చించుకొని మాట్లాడి జీపులెక్కి పోతారు. మర్నాడు పొద్దున అదే ఊళ్లో ఫారెస్టోళ్లు పోడు చేను మధ్యన కందకం తవ్వుతారు. డోలు కావాలి, ఆట కావాలి, ఆడేవాడి కాళ్ల కింది నేల మాత్రం వాడిది కాకూడదు. ఇదీ మన పాలకుల ఆదివాసీ ప్రేమ!

దళిత పత్రికలో ఆదివాసుల గొడవ ఎందుకని మనవాళ్లే కొందరు అడుగుతున్నారు. వాళ్లకొక మాట గుర్తు చేస్తాం. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మన పెద్దలు సభ పెట్టుకున్నారు. అప్పటిదాకా మనల్ని పంచములన్నారు. కాదు, మేము ఆది ఆంధ్రులం, ఈ నేలకు మొదటివాళ్లం అని ఆ సభలోనే మన పెద్దలు పేరు మార్చుకున్నారు. ఆ 'ఆది' అన్న మాటే ఆదివాసి పేరులోనూ ఉంది. ఆ మాటంటే పాలకులకు ఎంత భయమో చూడండి. ఒకరు గిరిజనులంటారు, ఇంకొకరు వనవాసులంటారు. కొండ మీద ఉంటారు, అడవిలో ఉంటారు అని చెప్పడానికి అభ్యంతరం లేదు. ముందు నుంచీ ఉన్నారు అని చెప్పడానికే నోరు రాదు. 2007లో ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల హక్కుల ప్రకటనకు మన దేశం ఓటేసింది. ఓటేస్తూనే, మా దేశంలో అందరూ మూలవాసులేనంది. అందరూ మూలవాసులే అయితే ఎవరి భూమి ఎవరు లాక్కున్నట్టు?

చరిత్ర చూద్దాం. బ్రిటిష్‌వాడు 1865లో, 1878లో అడవి చట్టాలు తెచ్చి అడవిని సర్కారు ఆస్తి చేశాడు. నిన్నటిదాకా కట్టె తెచ్చుకున్నవాడు తెల్లారేసరికి దొంగయ్యాడు. 1871లో ఇంకో చట్టం తెచ్చి కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్తులన్నాడు. మన ఎరుకల అన్నదమ్ముల్ని స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించాడు. స్వతంత్రం వచ్చిన అయిదేళ్లకు, 1952లో గానీ ఆ చట్టం పోలేదు. చట్టం పోయింది గానీ, ఊళ్లో దొంగతనం జరిగితే పోలీసు ముందు ఏ గుడిసె తలుపు తడతాడో మనకు తెలియంది కాదు.

ఆదివాసి ఊరికే పడి ఉండలేదు. చెట్టు కల్లు మీద కూడా పన్నేస్తే 1879లో రంప తిరగబడింది. రోడ్డు పనికి వెట్టి చేయించి కూలి ఎగ్గొడితే 1922లో మన్యం లేచింది. ఆ పోరాటం అనగానే అల్లూరి సీతారామరాజు పేరు చెబుతారు. 2022లో జిల్లాకు ఆయన పేరు పెట్టారు. మంచిదే. ఆయన పక్కన నిలబడి పోరాడిన గాం గంటం దొర, గాం మల్లు దొరల పేర్లు ఎంతమంది పిల్లలకు తెలుసు? నాయకుడు పై కులంవాడైతేనే పాఠానికెక్కుతుందా? నిజాం ఇలాకాలో కొమరం భీం జోడేఘాట్ గుట్టల్లో 1940లో తుపాకీ గుండ్లకు బలయ్యాడు. జల్, జంగల్, జమీన్ అన్న కేక ఆయన పేరుతోనే నిలిచింది.

తెల్లవాడు పోయాడు, నిజాం పోయాడు. ఆ తర్వాతేమైంది? 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ పెట్టుకోబోయిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చచ్చింది 13 మంది. ఆ లెక్కను ఆ రోజూ ఎవరూ నమ్మలేదు, ఈ రోజూ నమ్మరు. 2007లో వాకపల్లిలో పదకొండు మంది కోందు ఆడవాళ్లు పోలీసులు తమను చెరిచారని చెప్పారు. పదహారేళ్లు కోర్టు చుట్టూ తిరిగితే 2023లో నిందితులంతా నిర్దోషులన్నారు. దర్యాప్తు సరిగా చేయలేదు కాబట్టి ఆ ఆడవాళ్లకు పరిహారం ఇవ్వాలని కూడా అదే కోర్టు చెప్పింది. ఈ కథ మనకు కొత్తదా? 1991లో చుండూరులో మనవాళ్లను నరికి చంపారు. 2007లో శిక్షలు పడితే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. రెండు చోట్లా చచ్చినవాళ్లూ చెడినవాళ్లూ ఉన్నారు, చేసినవాడు మాత్రం లేడు!

చట్టాలు లేవా? లేకేం, ఉన్నాయి. రాజ్యాంగంలో అయిదో షెడ్యూలు ఉంది. 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్, మనం 1/70 అంటామే, అదొచ్చింది. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఆదివాసి నుంచి గిరిజనేతరుడికి పోకూడదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మకూడదు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, సర్కారు కూడా ఆ భూమిని గనుల కోసం బయటివాళ్లకు లీజుకివ్వకూడదంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఒడిశాలో నియమగిరి కొండను వేదాంత కంపెనీ కోసం తవ్వాలా వద్దా అని 2013లో పన్నెండు గ్రామసభల్ని అడిగితే, పన్నెండూ వద్దన్నాయి. కొండ నిలిచింది. చట్టాన్ని జనం చేతపట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

మరి మన దగ్గర? కోనేరు రంగారావు భూమి కమిటీ 2006లోనే చెప్పింది, షెడ్యూల్డ్ ప్రాంతంలో దాదాపు సగం భూమి గిరిజనేతరుల చేతుల్లో ఉందని. ఎట్లా పోయింది? ఉప్పుకూ బట్టకూ అప్పిచ్చి రాయించుకున్నారు. ఆదివాసి పిల్లను చేసుకొని ఆమె పేరున బినామీ పెట్టారు. పాత తేదీలతో కాగితాలు పుట్టించారు. చాలనట్టు పోలవరం వచ్చింది. ఆ నీళ్ల కోసం లక్షకు పైగా కుటుంబాలు ఇళ్లూ వాకిళ్లూ వదులుకోవాలి. అందులో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు. దళితులూ ఉన్నారు. 2014లో ఏడు మండలాల్ని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చినప్పుడు వాళ్ల గ్రామసభను అడిగినవాడు లేడు. నీళ్లు డెల్టాకు, కరెంటు పట్నానికి, మునక మాత్రం మన్యానికి!

ఇక మన సంగతి. ఇతరుల తప్పులు చెప్పి మన తప్పు దాచుకుంటే అది ఉద్యమం కాదు. 2000 సంవత్సరంలో మూడో నంబరు జీవోతో ఏజెన్సీ బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అప్పుడు మన పిల్లలు కొందరు లోలోపల సంతోషించారు, మాకూ నాలుగు పోస్టులు వస్తాయని. మాలో బడిపంతుళ్లం ఉన్నాం కాబట్టి ఇది నిష్ఠూరమైనా చెబుతాం. కువి మాట్లాడే పిల్లకు, కోయ మాట్లాడే పిల్లకు తెలుగు తప్ప రాని మనం పోయి అ ఆ లు చెబితే ఆ పిల్లకు ఎక్కేదెంత? పలక పట్టుకొని బిత్తర చూపులు చూస్తుంది, ఏడాది తిరక్కుండా బడి మానేస్తుంది. చదువు రాని మొద్దు అని మనమే రాస్తాం. మనల్ని ఒకప్పుడు బడి అరుగు మీద కూర్చోబెట్టి అన్న మాటే అది! గిడుగు రామమూర్తి నూరేళ్ల కిందటే సవర నేర్చుకొని సవర పిల్లలకు సవరలోనే పుస్తకాలు రాశాడు. ఆయన పేరున తెలుగు దినం చేసుకుంటాం గానీ ఆ సవర పుస్తకాల మాట ఎత్తం.

ఇంకో సంగతి కూడా చూడాలి. అదే తీర్పులో ఎస్సీ, ఎస్టీ జాబితాలనే సవరించాలన్న మాట కూడా వచ్చింది. వాళ్ల గుడిసెకు అంటుకున్న నిప్పు మన గుడిసెకు రాదనుకోవడం అమాయకత్వం.

భూమి దగ్గరా అంతే. ఏజెన్సీలో సెంటు భూమి లేక కూలికి పోయే దళితులు ఉన్నారు. 1/70 ఎత్తేయాలని వందల ఎకరాల ఆసామి ఊరేగింపు తీసినప్పుడు, జెండా పట్టడానికి ఆ కూలీనే ముందు నిలబెడతాడు. చట్టం పోతే భూమి ఎవరికొస్తుంది? కూలికా? ఆసామికే! మన పేదలకు భూమి కావాలంటే మైదానంలో పెద్దల గుప్పిట్లో ఉన్న బంజర్లూ మిగులు భూములూ అడుగుదాం. ఆదివాసి నోటికాడి కూడు మనకొద్దు.

బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో ఒక ప్రశ్న వేశారు. ఇన్ని వందల ఏళ్లు పక్కనే బతికిన ఆదివాసుల్ని హిందువులు ఎందుకు తమవాళ్లనుకోలేదని. కులమే అడ్డమని ఆయనే జవాబు చెప్పారు. ఈనాడు ఆ ప్రశ్న మన వైపు కూడా తిరిగింది.

కార్యకర్తలకు మా మనవి. ఏజెన్సీకి దగ్గర ఉన్న ప్రతి సంఘం ఈ పక్షం రోజుల్లో ఒక్క ఆదివాసీ ఊరికైనా పోవాలి. ఉపన్యాసం ఇవ్వడానికి కాదు, వినడానికి. పోడు పట్టాకు అర్జీ పెట్టి తిరస్కరణ కాగితం కూడా అందనివాళ్లు ఎంతమందో రాసుకోండి. గ్రామసభ పెట్టారా, లేక సంతకాలు మాత్రమే పెట్టించుకున్నారా అడగండి. 1/70 కేసు గెలిచి కూడా భూమి చేతికి రానివాళ్ల పేర్లు తీయండి. ఆ కాగితాలతో ఆఫీసుకు పోయే రోజున ముందు వాళ్లు నడవాలి, పక్కన మనం నడవాలి.

మనకు భీములు ఇద్దరు. ఒకాయన రాజ్యాంగం రాశాడు, ఇంకొకాయన అడవిలో నెత్తురు ధారపోశాడు. ఆ ఇద్దరి బిడ్డలూ ఒక్క దారిన నడిచిన రోజున ఈ దేశంలో ఆగస్టు 9కి షామియానాలు అక్కర్లేదు.

జై భీమ్! జై కొమరం భీం!