వెనకబడ్డవాడే వేగం చెప్పాలి



సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, మా బడిలో తొమ్మిదో తరగతి వాళ్ళూ పదో తరగతి వాళ్ళూ నన్ను చుట్టుముడతారు. "మాస్టారూ, నలుగురైదుగురం కలిసి సైకిళ్ళ మీద రెండు మూడు రోజులు ఎటైనా వెళ్ళి రావాలనుంది. మా ఇంట్లో మీరొక మాట చెప్పండి" అంటారు. తప్పకుండా చెబుతాను. పెద్దవాళ్ళొకరు వెంట ఉంటే అంతకన్నా మంచి సెలవులు లేవని నా నమ్మకం. కాని ఆ వెంటనే వాళ్ళడిగే ప్రశ్న ఒకటుంది. "గంటకి ఎన్ని కిలోమీటర్లు తొక్కాలి మాస్టారూ?" ఇప్పుడు ఫోన్లు వచ్చాయి గదా, వేగం ఎంతో, సగటు ఎంతో ఎప్పటికప్పుడు చూపిస్తాయి. సాయంత్రానికి ఆ అంకెను ఒకరికొకరు చూపించుకోవాలని వీళ్ళ తహతహ.

నా జవాబు ఎప్పుడూ ఒకటే. "మీలో అందరికన్నా వెనకబడేవాడు ఎంత వేగంతో హాయిగా తొక్కగలడో, అదే మీ అందరి వేగం." ఈ మాట వాళ్ళకు రుచించదు. మీకూ రుచించకపోవచ్చు. అందుకే నా వాదన మీ ముందు పెడుతున్నాను. విని మీరే తీర్పు చెప్పండి.

ముందుగా నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

అవి 1988 సంక్రాంతి సెలవులు. నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. ఐదుగురు మిత్రులం విజయవాడ నుంచి సైకిళ్ళ మీద బయలుదేరి, కృష్ణానది సముద్రంలో కలిసే హంసలదీవి చూసి రావాలనుకున్నాం. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా దారి. సుమారు 100 కిలోమీటర్లు. డెల్టా నేల గదా, కొండా లేదు గుట్టా లేదు. పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. మొదటి రాత్రి మకాం చల్లపల్లిలో.

తెల్లవారుజామునే బయలుదేరాలనుకున్నాం. కాని మాలో ఐదోవాడికి సొంత సైకిలు లేదు. అద్దె సైకిలు దొరికేసరికి పది దాటింది. ఆ సైకిలు క్యారియరు పెద్దది కావడంతో బియ్యం, గిన్నెలు, పప్పూ ఉప్పూ అన్నీ కట్టిన సంచీ దానిమీదే వేశాం.

ఉయ్యూరు దగ్గర చెరకు బళ్ళ వరస దాటేసరికే వాడు బాగా వెనకబడ్డాడు. పామర్రులో టీ తాగి, వాడికోసం పావుగంట ఆగాం. వాడు రాగానే "ఏరా నత్తా, వచ్చావా!" అని నవ్వి మళ్ళీ సైకిళ్ళెక్కాం. పామర్రు దాటాక ఎదురుగాలి మొదలయింది. మా నలుగురికీ పంతం పుట్టింది, చల్లపల్లి ఎవరు ముందు చేరతారా అని. నాలుగింటికి చేరాం. ఐదయింది. ఆరయింది. చీకటి పడింది. వాడు రాలేదు.

అప్పటికి సెల్‌ఫోన్లు లేవు. టార్చిలైటు పట్టుకుని ఇద్దరం వెనక్కి మళ్ళాం. కూచిపూడి ఇంకా కొంత దూరం ఉందనగా ఒక కాలువ వంతెన గోడ మీద వాడు కూర్చుని కనిపించాడు. రెండు పిక్కలూ పట్టేసి కాలు కదపలేకపోతున్నాడు. పక్కన మినపచేనుకు కాపలా వచ్చిన రైతు ఒకాయన ఉప్పు కలిపిన మజ్జిగ తాగించి, వాడి దగ్గరే కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి, "ఐదుగురు కలిసి బయలుదేరారంట గదా బాబూ! ఇదేం రావడం?" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. మావాడు అసలే ఏమీ అనలేదు. అదే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. ఆ రైతు బండి కట్టి వాణ్ణీ వాడి సైకిలునూ చల్లపల్లి చేర్చాడు.

మర్నాడు పొద్దున సైకిలు షాపుకు వెళ్ళాం. మేస్త్రీ వెనక చక్రం పైకెత్తి చేత్తో ఒక్క తిప్పు తిప్పాడు. రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. పక్కనున్న నా సైకిలు చక్రం తిప్పితే చాలాసేపు తిరుగుతూనే ఉంది. సంగతేమిటంటే బ్రేకు రబ్బరు ఒకటి రిమ్ముకు ఆనుకుని రాసుకుంటోంది. అంటే వాడు దారి పొడుగునా బ్రేకు వేసుకునే తొక్కాడన్నమాట! పైగా టైరులో గాలి సగమే ఉంది. గాలి తక్కువైన టైరు నేలను తాకిన ప్రతిచోటా నలుగుతుంది, మళ్ళీ లేస్తుంది. ఆ నలుగుడులో మన కాళ్ళు ఇచ్చిన శక్తి కొంత వేడిగా మారి వృథా అవుతుంది. దానికి తోడు అందరి సామానూ వాడి క్యారియరు మీదే. బరువు పెరిగితే రోడ్డు దగ్గర నిరోధమూ పెరుగుతుంది.

చూశారా! నత్తలా నడిచింది సైకిలు. నత్త అని మేం వెక్కిరించింది మనిషిని.

మా ఐదుగురం సైన్సు విద్యార్థులమే. ఘర్షణ గురించి పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసినవాళ్ళమే. అయినా "వీడు ఎందుకు వెనకబడుతున్నాడు?" అని ఒక్కరమూ ప్రశ్న వేసుకోలేదు. ఒకడు వెనకబడ్డాడంటే అది ఒక పరిశీలన. దానికి కారణం వెతకాలి. కారణం వెతక్కుండా "వాడంతే" అనేయడం సైన్సు కాదు. ఇది నా మొదటి వాదన.

రెండోది లెక్క. పలక తీసుకోండి. సైకిలు మీద పోతుంటే గాలి మనను అడ్డుకుంటుంది. ఈ నిరోధం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గాలి లేని రోజున గంటకు 15 కిలోమీటర్ల వేగం నుంచి 20కి పెంచారనుకోండి. వేగం పెరిగింది మూడో వంతే. గాలి నిరోధం మాత్రం 16/9, అంటే దాదాపు 1.8 రెట్లవుతుంది. ఆ నిరోధాన్ని ఎదుర్కోవడానికి మన కండరాలు ప్రతి సెకనుకూ చేయవలసిన పని వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 64/27, అంటే సుమారు 2.4 రెట్లు! మరి లాభం ఎంత? పామర్రు నుంచి చల్లపల్లికి సుమారు 20 కిలోమీటర్లు. ఒక వేగంతో 80 నిమిషాలు, రెండో వేగంతో 60 నిమిషాలు. ఇరవై నిమిషాల కోసం రెట్టింపుకు మించిన శ్రమ అన్నమాట.

ఇక ఎదురుగాలి సంగతి. పగలు ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేలమీది వేడిగాలి పైకి లేస్తే సముద్రం మీది చల్లగాలి ఆ చోటికి వస్తుంది. మేం వెళ్ళింది సముద్రం వైపు, అదీ మధ్యాహ్నం వేళ. గాలి ఎదురు రాక ఏమవుతుంది? గంటకు 15 కిలోమీటర్లు తొక్కుతుంటే 10 కిలోమీటర్ల గాలి ఎదురొస్తే, ఒంటికి తగిలే గాలి వేగం 25. నిరోధం 25/9, దాదాపు 2.8 రెట్లు. అద్దె సైకిలు ఆలస్యం చేసినా మా లెక్క మేం ముందే వేసుకుని ఉంటే, ఆ పూట ఉయ్యూరులోనే ఆగి, మర్నాడు తెల్లవారుజామున బయలుదేరేవాళ్ళం.

మూడో వాదన మీకు ఎవరూ చెప్పి ఉండరు. ముందుపోయేవాళ్ళు ఒకచోట ఆగి వెనకవాడికోసం ఎదురుచూస్తారు. ఆ పావుగంటా వాళ్ళకు విశ్రాంతి. వాడు వచ్చీ రాగానే "పదండి పదండి" అని లేస్తారు. అంటే ఎక్కువ అలిసినవాడికి అసలు విశ్రాంతే లేదు! పామర్రులో మేం చేసింది సరిగ్గా ఇదే. నీళ్ళు తాగడానికీ, ఏదైనా తినడానికీ వాడికి తీరిక ఇవ్వలేదు. మనం తిన్న ఆహారం నుంచి కండరాలకు వచ్చే శక్తిలో కదలికగా మారేది పావు వంతుకు మించదు. మిగిలినదంతా వేడే. ఆ వేడిని చెమట తీసుకుపోవాలి. చెమటతో నీరూ ఉప్పూ పోతాయి. కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న పిండిపదార్థం కూడా తరుగుతుంది. అది బాగా తరిగాక పట్టుదల ఎంతున్నా కాళ్ళు మాట వినవు.

"మాస్టారూ, బలంగా తొక్కేవాడు నెమ్మదిగా పోతే వాడికి విసుగు గదా" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బలవంతుడికి బోలెడంత పని ఉంది. సామానులో పెద్ద వాటా వాడి క్యారియరు మీద వేయండి. ఎదురుగాలి వచ్చినప్పుడు వాణ్ణి ముందు పెట్టండి. ముందువాడు గాలిని కోస్తుంటే వెనకవాడికి నిరోధం తగ్గుతుంది. కాని వేగం చెప్పేది మాత్రం వెనకవాడే. వాడు "మెల్లగా" అంటే మెల్లగానే. చక్రానికి చక్రం తగిలేటంత దగ్గరగా మాత్రం తొక్కకండి. పడితే ఇద్దరూ పడతారు.

"ఇప్పుడు ఫోన్లున్నాయి, ఎవరూ తప్పిపోరు" అనేవాళ్ళూ ఉన్నారు. వాడు ఎక్కడున్నాడో ఫోను చెబుతుంది, నిజమే. కాని మీరు పది కిలోమీటర్లు ముందుంటే మంచినీళ్ళు ఎవరిస్తారు? గేర్ల సైకిళ్ళు వచ్చాయి గదా అంటారు. గేరు వల్ల తొక్కే బరువు తేలికవుతుంది. రాసుకుంటున్న బ్రేకు సంగతి గేరుకు తెలియదు.

నెమ్మదిగా పోతే దూరం పోలేమన్నది కూడా భ్రమే. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు యువకులు సైకిళ్ళ మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా అనే ముగ్గురు యాత్ర పూర్తిచేసి 1928 మార్చిలో తిరిగి వచ్చారు. సుమారు 71 వేల కిలోమీటర్లు తిరిగారు. పట్టిన కాలం నాలుగేళ్ళ ఐదు నెలలు. రోజుకు ఎంత పడిందో భాగించి చూడండి. ఆగిన రోజులన్నీ కలుపుకుని 44 కిలోమీటర్లు! మీ బడిలో ఏ విద్యార్థి అయినా తొక్కగల దూరం. అంతమాత్రంతోనే భూమిని చుట్టి వచ్చారు. 1973లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో ఎస్. ఎస్. విల్సన్ ఒక లెక్క చూపించాడు. ఒక మనిషి ఒక కిలోమీటరు నడవడానికి పట్టే శక్తిలో ఐదో వంతుతోనే అంత దూరం సైకిలు మీద పోవచ్చట. ఇంత పొదుపైన యంత్రం చేతిలో ఉండగా, ఆ పొదుపునంతా పంతానికి పోసి గాలికి ఖర్చుపెట్టడం ఎందుకు?

కాబట్టి బయలుదేరే ముందు రోజు ఈ పనులు చేయండి. ప్రతి సైకిలు చక్రమూ ఎత్తి తిప్పి, ఎన్ని సెకన్లు తిరిగిందో రాసుకోండి. తక్కువ తిరిగినదాన్ని బాగుచేయించండి. టైర్లన్నిటిలో గాలి సరిచూడండి. సామాను తూచి పంచుకోండి. పంపు, సొల్యూషను, అతుకు రబ్బరు ఒకరి దగ్గర ఉండాలి. పది కిలోమీటర్లు తొక్కి చూసి ఎవరు వెనకబడుతున్నారో, ఎందుకో తెలుసుకోండి. దారిలో గంటకోసారి అందరూ దిగండి. ఆకలి కాకముందే తినండి, దాహం వేయకముందే తాగండి. చివరివాడు దిగినప్పటినుంచి పది నిమిషాలు లెక్కపెట్టండి.

మేం ఆ మర్నాడు అలాగే చేశాం. బ్రేకు సరిచేయించాం, గాలి కొట్టించాం, సామాను ఐదు భాగాలు చేశాం. పిక్కలు సర్దుకునేదాకా మావాడికి ఒక పూట విశ్రాంతి ఇచ్చి, వాణ్ణే ముందు పెట్టుకుని బయలుదేరాం. వాడు మాకన్నా ఏమంత నెమ్మది కాదని తేలింది! పులిగడ్డ దగ్గర నదిని దాటుతూ అక్విడక్టు మీదుగా కాలువ పోతుంది. కింద నది, పైన కాలువ. అక్కడ అరగంట నిలబడి చూశాం. మొదటి రోజులాగా పోయి ఉంటే దాన్ని చూసేవాళ్ళమే కాదు. హంసలదీవికి ఒక రోజు ఆలస్యంగా చేరాం. ఐదుగురమూ చేరాం.

అందుకని మీరు సెలవులయ్యాక వచ్చి నాకు సగటు వేగం చెప్పకండి. మీలో వెనకబడ్డది ఎవరు, ఎందుకు, మీరేం చేశారు? ఇది ఒక పేజీలో రాసుకుని రండి. అది చదువుతాను.