అరుదైన నాణెం ఎవరికి?

బ్రిటిష్ మ్యూజియం నాణేలను ఇప్పుడు ఫోనులోనే చూడొచ్చు. మంచిదే, మన పిల్లలూ చూడాలి. కానీ అక్కడ రాసి ఉండేదేమిటి? లోహం, బరువు, టంకశాల, రాజు పేరు, ఇచ్చిన దాత పేరు. ఆ నాణెం ఎవరి చేతినుంచి పన్నుగా పోయిందో రాసే గడి లేదు.

విక్టోరియా వెండి రూపాయినే తీసుకోండి. బరువు 11.66 గ్రాములు. 1877 నుంచి దానిమీద 'క్వీన్' పోయి 'ఎంప్రెస్' వచ్చింది. రెండేళ్లకే, 1879లో, రంప కొండలు తిరగబడ్డాయి. ఎందుకు? మనవాళ్లు గీసుకు తాగే కల్లుమీద చిగురుపన్ను వేశారు. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు అప్పుకింద కోర్టు డిక్రీలు తెచ్చి పశువుల్ని, పంటను పట్టుకుపోయారు. చెట్టునూ పోడునూ నమ్ముకున్నవాళ్లకు మహారాణి బొమ్మ పరిచయమైంది ఇలాగే.

అదే రూపాయికి కొక్కెం అతికించి మన ఆడవాళ్లు మెడలో వేసుకుంటే, నాణేలు సేకరించేవాళ్లు 'పాడైన నాణెం' అని విలువ తగ్గిస్తారు. ఎవరి లెక్క ఇది? పెట్టెలో దాచింది అరుదైనదట, మనిషి మెడలో బతికింది పాడైనదట!

తోటి ఉపాధ్యాయులారా, ఆ బొమ్మలు తరగతిలో తప్పక చూపించండి. బరువు చెప్పిన నోటితోనే చిగురుపన్ను సంగతీ చెప్పండి. మ్యూజియం వదిలేసిన గడిని మన పిల్లలు తమ నోటుపుస్తకాల్లో నింపుతారు.