వైవాలో ఒక్క సింగిల్ కోట్ కొట్టించండి

ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టులకు గైడ్లుగా ఉన్న అధ్యాపకులకు, ఆ ప్రాజెక్టులు చేసే విద్యార్థులకు, ఊళ్లో హోటళ్లకూ స్వీటు షాపులకూ ఆర్డర్ల సైట్లు చేసిచ్చే డెవలపర్లకు ఈ విజ్ఞప్తి.

'ఆన్‌లైన్ ఫుడ్ ఆర్డరింగ్ సిస్టమ్' ప్రాజెక్టు చూడని గైడ్ ఉండరు. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ సోర్స్ కోడ్ నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అమీర్‌పేటలో డబ్బిస్తే డాక్యుమెంటేషన్‌తో సహా చేతికొస్తుంది. పేరూ లోగో మార్చి సబ్మిట్ చేయడం పాత కథే, దాని మీద ఇక్కడ నాకు తగవు లేదు. నా భయం ఆ తర్వాతి సంగతి గురించి. పాసై బయటికొచ్చిన కుర్రాడు అదే కోడ్‌ను బాబాయి గారి బిర్యానీ సెంటర్‌కు సైటుగా పెట్టేస్తాడు. అలాంటి ఉచిత ప్రాజెక్టుల పేర్లు సాఫ్ట్‌వేర్ లోపాలను నమోదు చేసే సీవీఈ జాబితాలో పదేపదే కనిపిస్తాయి. కారణం చాలాసార్లు ఒక్కటే, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్.

కస్టమర్ టైప్ చేసింది నేరుగా క్వెరీలో అతికించేయడమే ఇందులో తప్పు. చీటీ మీద 'ఒక ప్లేటు ఇడ్లీ, గల్లాపెట్టె తాళాలు' అని రాసిస్తే సర్వర్ రెండూ తెచ్చి టేబుల్ మీద పెట్టినట్టు. లాగిన్‌లో యూజర్ నేమ్ దగ్గర ఒక సింగిల్ కోట్, 'ఆర్ 1=1', రెండు గీతలు, వాటి వెనక ఒక స్పేస్ కొడితే పాస్‌వర్డ్ సరిచూసే భాగం కామెంటై పోతుంది. టేబుల్లో మొదటి వరుస ఎవరిదైతే వాళ్లుగా లోపలికి వెళ్లొచ్చు. మొదటి వరుస ఎక్కువగా అడ్మిన్‌దే.

"ఎస్కేప్ ఫంక్షన్ వాడాం సార్" అంటారు పిల్లలు. చాలదు. ఆర్డర్ వివరాల పేజీ చూడండి, అడ్రస్ బార్‌లో ఐడీ=25 అని ఉంటుంది. అంకె కదా అని క్వెరీలో దాని చుట్టూ కోట్లు పెట్టరు. ఎస్కేప్ ఫంక్షన్ అడ్డుకునేది ముఖ్యంగా కోట్లను. ఇక్కడ దాడికి కోట్ అవసరమే లేదు. 25 వెనక 'యూనియన్ సెలెక్ట్' తగిలిస్తే ఆర్డర్ ఉండాల్సిన చోట కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు వచ్చి కూర్చుంటాయి.

మందు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్. క్వెరీ ఒక దారిన, విలువ మరో దారిన డేటాబేస్‌కు చేరతాయి కాబట్టి వచ్చిన విలువ ఎంత వంకరదైనా ఆజ్ఞగా మారలేదు. పీడీఓలో ఉంది, మైఎస్‌క్యూఎల్‌ఐలో ఉంది, జావాలో ఉంది, పైసా ఖర్చు లేదు. అయితే 'ప్రిపేర్' అని రాసి, ఆ బ్రాకెట్లోనే వేరియబుల్‌ను అతికించే ఘనులూ ఉన్నారు, దానివల్ల ఒరిగేదేమీ లేదు. మెనూను ధర ప్రకారమో పేరు ప్రకారమో అమర్చేటప్పుడు కాలమ్ పేరును అలా విలువగా పంపడం కుదరదు. అక్కడ అనుమతించిన పేర్లను కోడ్‌లోనే రాసుకుని వాటిలోంచే తీసుకోవాలి. జాంప్‌తో వచ్చిన రూట్ యూజర్, ఖాళీ పాస్‌వర్డ్‌తో సైటును లైవ్‌కు మాత్రం పంపకండి.

ఈ లోపం గురించి భద్రతా పరిశోధకుడు జెఫ్ ఫారిస్టల్ హ్యాకర్ల పత్రిక 'ఫ్రాక్'లో రాసింది 1998 డిసెంబరులో, అంటే ఇప్పుడు ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు చాలామంది పుట్టకముందు. అయినా 2015లో బ్రిటన్ టెలికాం కంపెనీ టాక్‌టాక్ నుంచి 1,56,959 మంది వివరాలు ఇదే దారిన పోయాయి. అంతకుముందు కొన్న మరో కంపెనీతో పాటు వచ్చి, ఎవరూ పట్టించుకోని పాత వెబ్ పేజీలే కారణం. 4 లక్షల పౌండ్ల జరిమానా పడింది. మన 2023 డేటా రక్షణ చట్టంలో భద్రతా చర్యలు తీసుకోకపోతే గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు. బిర్యానీ సెంటర్‌కు అంత వేస్తారని కాదు. "మా చిన్న హోటల్ జోలికి ఎవరొస్తారు" అన్న మాట మాత్రం చెల్లదు, ఎందుకంటే వెతికేది మనిషి కాదు, పేరూ ఊరూ చూడని స్కానింగ్ టూల్.

గైడ్ గారూ, వైవాలో విద్యార్థి చేతే కస్టమర్ పేరు 'డి'సౌజా' అని ఇంగ్లిష్‌లో కొట్టించండి. డేటాబేస్ ఎర్రర్ తెరమీదికొస్తే ప్రాజెక్టు వెనక్కి పంపండి. (సికింద్రాబాద్ డి'సౌజాలకు ఆ సైటులో ఎలాగూ బిర్యానీ దొరకదు.) ఎర్రర్ రాలేదని వదలొద్దు, కోడ్ తెరిపించి క్వెరీలు చదవండి. ఈ పరీక్షలన్నీ సొంత కంప్యూటర్లోని సొంత ప్రాజెక్టు మీదే చేయాలి. అనుమతి లేకుండా ఇతరుల సైట్లలో ప్రయత్నించడం ఐటీ చట్టం కింద నేరమని పిల్లలకు ముందే చెప్పండి. ఎక్కడైనా లోపం కంటపడితే యజమానికో, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కో తెలపాలి. వచ్చే రివ్యూకు ముందే మార్కుల షీటులో దీనికో కాలమ్ చేర్చమని కోరుతున్నాను.