ఉమ్రా ప్రయాణం: దుఆలతో పాటు నేర్పవలసినవి

సెలవులలో కుటుంబ సమేతంగా ఉమ్రాకు వెళ్ళే ఆనవాయితీ మన ఇళ్ళలో పెరిగింది, అల్‌హమ్దులిల్లాహ్. నెల ముందు నుంచే పిల్లల చేత తల్బియా, దుఆలు కంఠస్థం చేయిస్తాము. అయితే 13, 14 ఏళ్ళ పిల్లలకు జనసమ్మర్దంలో తమను తాము కాపాడుకునే విధానం కూడా నేర్పండని చెబితే, "అల్లాహ్ గృహంలో భయమేమిటి హజ్రత్?" అంటారు పెద్దలు. ఆ గృహం పవిత్రమైనదే. అక్కడికి వచ్చే ప్రతి మనిషీ పవిత్రుడని ఎవరూ హామీ ఇవ్వలేదు. ముందు ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (సల్లం) ఉపదేశం మన ప్రసంగాలలో తరచు వినిపిస్తుంది. సామాను సర్దేటప్పుడే గుర్తుకు రాదు.

1990 హజ్ సమయంలో మినా సమీపాన సొరంగ మార్గంలో 1,426 మంది మరణించారు. ఇటువంటి దుర్ఘటనలలో పెక్కుమంది నిలబడినచోటనే, ఛాతీ నొక్కుకుపోయి, ఊపిరాడక ప్రాణాలు విడుస్తారు. కనుక తవాఫ్‌లో ఒత్తిడి పెరిగితే రెండు చేతులూ ఛాతీకి ఎదురుగా మడిచి ఊపిరికి చోటు నిలుపుకోవాలి. ప్రవాహానికి ఎదురు నిలువక, ఒత్తిడి సడలినప్పుడల్లా ఏటవాలుగా అంచుకు జరగాలి. జారిన వస్తువు కోసం వంగరాదు. ఇంట్లోనే నలుగురిని చుట్టూ నిలబెట్టి అభ్యాసం చేయించండి. హజ్రె అస్వద్‌కు దూరం నుంచి సైగ చేసినా చాలు. పదిమందిని తోసి ముద్దాడటం పుణ్యమని పిల్లలకు ఎవరు నేర్పుతున్నారో!

తప్పిపోతే "గడియారపు గోపురం కింద కలుద్దాం" అంటారు. దాని చుట్టూ తిరగడానికే ఒక పూట పడుతుంది. ద్వారం సంఖ్య చెప్పండి: మలిక్ అబ్దుల్ అజీజ్ ద్వారం 1, మలిక్ ఫహద్ ద్వారం 79. తండ్రి ఫోన్ నంబరు నోటికి రావాలి. మక్కాలో అత్యవసర సంఖ్య 911.

ఇక తల్లులు నోరు విప్పని విషయం. గుంపులో ఎవరైనా అనుచితంగా తాకితే, ఇహ్రామ్‌లో కేకవేయడం పాపమా అని ఒక బాలిక తన తల్లి ద్వారా నన్ను అడిగించింది. పాపం ఎంతమాత్రం కాదు. "లా!" అని బిగ్గరగా అరవాలి, ఆ మాట అక్కడ అందరికీ అర్థమవుతుంది. మణికట్టు పట్టుకుంటే, పట్టినవాడి బొటనవేలి వైపుకు తిప్పి లాగాలి. పట్టులో బలహీనమైన చోటు అదే. మగపిల్లలకూ ఇది నేర్పాలి, వారికేమీ జరగదనుకోవడం మన అమాయకత్వం. సౌదీలో 2018 నాటి చట్టం ప్రకారం వేధింపు నేరం. బాధితులు పిల్లలైతే ఐదేళ్ళ వరకు జైలుశిక్ష. అయినా, ఫిర్యాదు మాట తర్వాత, పిల్ల ముందు తల్లికి చెప్పగలగాలి కదా! "ఏం జరిగినా నాకు చెప్పు, నిన్ను కోప్పడను" అన్న మాట విమానం ఎక్కక ముందే, ఇంట్లోనే ఆమె చెవిన పడాలి.