అవును, కన్నడ అక్షరాల్లోనే వేశాం

గత సంచిక పిల్లల పేజీలో వేసిన బుల్లి కథకు వచ్చినన్ని ఉత్తరాలు ఈ పత్రిక ఏ మహాకవి మీద తెచ్చిన ప్రత్యేక సంచికకూ రాలేదు. సంతోషించాల్సిన సంగతే. కాకపోతే అన్ని ఉత్తరాల్లో ఒక్కదాంట్లోనూ కథ గురించి ఒక్క మాట లేదు. కథ తెలుగే. అచ్చు మాత్రం కన్నడ లిపిలో వేశాం. బెంగళూరు చిక్కపేట సందుల్లో పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లీషు మాట్లాడుకుంటూ మూడో తరగతికో నాలుగో తరగతికో వచ్చిన పిల్లల కోసం వేసిన పేజీ అది. వాళ్ళకు తెలుగు వస్తుంది, తెలుగు అక్షరాలు రావు. కన్నడ అక్షరాలు బడి పుణ్యమా అని వచ్చాయి. వచ్చిన భాషను వచ్చిన అక్షరాల్లో చదవనిద్దామనుకున్నాం, అంతకు మించి కుట్రేమీ లేదు. దానికి మాకు 'లిపిద్రోహులు' అన్న బిరుదు దక్కింది. ఒక పెద్దాయన చందా డబ్బు వెనక్కి పంపమన్నారు, పంపేశాం. ఒక సంఘంవారైతే ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికి మాకిచ్చిన ఆహ్వానాన్ని ఫోన్లోనే రద్దు చేసుకున్నారు. ఆ సంఘం పేరు ఇక్కడ రాయం. రాస్తే అదో ప్రచారం.

ఆహ్వానం పోయినందుకు బెంగ లేదు. ఆ సభల్లో ఏం జరుగుతుందో మన పాఠకులకు కొత్తగా చెప్పాలా? పట్టులంగా కట్టుకున్న పాప మైకు ముందు నిలబడి ఊపిరి తీసుకోకుండా నాలుగు పద్యాలు అప్పజెబుతుంది. వాటిని తాతయ్య ఇంగ్లీషు లిపిలో రాసిచ్చి ఉంటాడు. అది ద్రోహం కాదు! ముఖ్య అతిథి కళ్ళు ఒత్తుకుంటాడు. పాపకు స్టీలు డబ్బా, శాలువా. దిగి వస్తున్న పాపను ఆ పద్యంలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారమ్మా అని అడిగిన పాపాన ఎవరూ పోరు. నిరుడు మేం ఒక చిన్న సూచన చేశాం: పోటీలో ఒక అంకం మార్చి, పిల్లలకు పది వాక్యాల కథ ఒకటిచ్చి, చదివించి, మూడు ప్రశ్నలు అడుగుదామని. చదివించడం బడి పని, సంస్కృతి మా పని అన్నారు. మా కోపానికి మూలం అక్కడుంది. లిపి గొడవ తర్వాత వచ్చింది.

బడి ఆ పని చేస్తోందా? చిక్కపేట పిల్లల పుస్తకాలు తెరిచి చూడండి. పాఠం నిండా పెన్సిల్ బ్రాకెట్లు కనిపిస్తాయి. ఒకటో ప్రశ్నకు జవాబు ఇక్కణ్ణించి ఇక్కడికి, రెండో ప్రశ్నకు అక్కణ్ణించి అక్కడికి. అంకె వేసి, గీత గీసి, నోటుబుక్కులోకి ఎక్కించి, పరీక్షలో దించడం. అసలు ఆ బ్రాకెట్లు కూడా అక్కర్లేని గడుసు పిల్లలున్నారు. ప్రశ్నలో ఉన్న పెద్ద మాట పట్టుకుని, అదే మాట పాఠంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం మొత్తం దించేస్తారు. పదికి తొమ్మిది మార్కులొస్తాయి. అమ్మానాన్నలు దీన్నే కాంప్రహెన్షన్ అనుకుంటారు. ట్యూషన్ అక్కలూ అదే నేర్పుతారు. పిల్ల ఏమీ అర్థం చేసుకోకుండానే అర్థమైనట్టు కనిపించే విద్యను అయిదేళ్ళపాటు ఫీజు కట్టి మరీ నేర్పిస్తున్నాం.

ఈ ఆదివారం, షట్టర్లన్నీ దించి ఉన్న వేళ, కిలారి రోడ్డు పక్క సందులో ఒక మేడ మీద మేం చూసినది రాస్తాం. చీరల అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చిన గది. మిగిలిన జాగాలో చాప. హిందూపురం, ధర్మవరం, మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడి పట్టుచీరల అంగళ్ళలో పనిచేసే వాళ్ళ పిల్లలు పదిమంది దాకా. వాళ్ళతో కూర్చునే అక్క ముందు ఇంగ్లీషులో ఒక పేరా ఇచ్చింది. గడగడా చదివేశారు, ఒక్క తప్పు లేదు. 'ఎందుకు' అన్న ప్రశ్న వచ్చేసరికి పాఠంలోని వాక్యాన్నే మళ్ళీ చదివి వినిపించారు. తర్వాత మా పత్రికలో వేసిన ఆ కన్నడ లిపి కథ ఇచ్చింది. గౌరమ్మ అంగడి తలుపు తీసింది. బయట తాడు మీద చీరలు వేలాడదీసింది. మధ్యాహ్నం గడపలో నిలబడి పైకి చూసింది. గబగబా చీరలన్నీ లోపలికి తెచ్చుకుంది. పక్క అంగడి ముసలాయన్ని కేకేసింది. మొదలు అంతే.

"చీరలెందుకు లోపలికి తెచ్చుకుంది?"

ఒకడు అలవాటుకొద్దీ "గబగబా తెచ్చుకుంది" అన్నాడు. వాడి వెనక కూర్చున్న పిల్ల నెమ్మదిగా, "వాన వస్తాదని" అంది. వాన అని ఎక్కడుందో చూపించమంటే కాగితమంతా వెతికి, "యాడా లేదక్కా. పైకి చూసింది కదా" అంది. ఇంకొకడు ఒప్పుకోలేదు. "కార్పొరేషనోళ్ళు వచ్చినా లోపలికి తీస్తారు. మా నాయన తీస్తాడు." దానికి ఆ పిల్ల, "కార్పొరేషనోళ్ళు పైనుంచి దిగుతారా?" గది గొల్లుమంది. ముసలాయన్ని ఎందుకు పిలిచిందంటే, ఆయన చీరలు కూడా తడుస్తాయని కొందరు, తనవి మోయడానికి సాయానికని కొందరు. తాడు ఆయనదేమో, విప్పుకోమని చెప్పడానికేమో అని ఒకడు. ఆ జవాబు తప్పని చెప్పడానికి కథలో ఆధారమేమీ దొరకలేదు. అక్క ఒప్పుకుంది.

చదవడమంటే ఇదీ. కాగితం మీద లేని వానను కాగితం మీద ఉన్న చూపులోంచి పట్టుకోవడం. పట్టుకున్నాక, దాన్నెక్కణ్ణించి పట్టుకున్నావో చూపించగలగడం. అలాగే, పక్కవాడి జవాబును పాఠంతోనే ఖండించడం. వాన వస్తే చిక్కపేటలో నీళ్ళెక్కడ నిలబడతాయో, అంగడివాళ్ళు ముందేం సర్దుకుంటారో ఆ పిల్లలకు మనకన్నా బాగా తెలుసు. ఆ తెలిసినదంతా వాళ్ళలో తెలుగులో ఉంది. ఇంగ్లీషు పేరా దగ్గర అది పైకి రాలేదు. అరగంట తర్వాత అక్క అదే ఇంగ్లీషు పేరా మళ్ళీ తీసి, ఈసారి ప్రశ్న తెలుగులో అడిగింది. జవాబులు తెలుగులో వచ్చాయి, సగానికి సగం సరిగ్గా వచ్చాయి. మా వాదం ఒక్కటే: పాఠం ఏ భాషలోదైనా కానివ్వండి, ఏ అక్షరాల్లో ఉన్నా ఉండనివ్వండి, దాని గురించిన మాటామంతీ మాత్రం పిల్ల ఇంటి భాషలో జరగాలి. ఆ మాటామంతీనే సాధన. మిగిలిందంతా గొంతు కసరత్తు.

ఇది మా సొంత కవిత్వం కాదు. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదువును గుణకారంగా చెప్పారు. అక్షరాలను విప్పి పలకగలగడం ఒక అంకె, భాష అర్థం కావడం రెండో అంకె. కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే రెండోది ఎంత పెద్దదైనా మొత్తం సున్నాయే. ఇంగ్లీషు పేరా ముందు మన పిల్లలకు రెండో అంకె చాలా చిన్నది. తెలుగు లిపి కథ ముందు మొదటి అంకె సున్నా. కన్నడ లిపిలోని తెలుగు కథ ముందు మాత్రం రెండు అంకెలూ ఉన్నాయి. ఇంత లెక్క మన విద్వాంసులకు ఎందుకు తట్టలేదు? మన లిపులేమో తేలికైనవి కావు. గుణింతాలు, ఒత్తులు కలిపి వందల రూపాలు. కన్నడ అక్షరాల మీద పూర్తి పట్టు రావడానికి పిల్లలకు నాలుగో తరగతి దాకా కూడా పడుతోందని బెంగళూరుకే చెందిన పరిశోధకురాలు సోనాలి నాగ్ 2007లో రాశారు. అంత కష్టపడి ఒక లిపి సంపాదించుకున్న పిల్లకు, అది పనికిరాదు, మరో లిపి నేర్చుకునేదాకా తెలుగు కథ ముట్టుకోవద్దు అని చెబుతారా?

దేశం లెక్కలూ గొంతు దగ్గరే ఆగుతున్నాయి. 'అసర్' సర్వే ప్రకారం ప్రభుత్వ బడుల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2018లో 44.2 శాతం, 2022లో 38.5, 2024లో 44.8. ఇక్కడ చదవడమంటే ప్రధానంగా పైకి చదివి వినిపించడం. పైగా అది పల్లెల సర్వే, చిక్కపేట పిల్లలు దాని లెక్కలోకే రారు. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకంలో మూడో తరగతి పిల్ల నిమిషానికి 60 మాటలు అర్థంతో సహా చదవాలని లక్ష్యం పెట్టారు. అరవై మాటలు లెక్కపెట్టడానికి గడియారం చాలు. అర్థం లెక్కపెట్టడానికి ఓపికగా కూర్చుని వినే మనిషి కావాలి. ఏది జరుగుతుందో ఊహించడానికి ఏ సర్వే అక్కర్లేదు.

ఇంకో సంగతి మనవాళ్ళకు గుర్తుచెయ్యాలి. కర్ణాటక ప్రభుత్వ బడుల్లో చిన్న తరగతులకు నడిచే 'నలి-కలి' పద్ధతి పుట్టుక మన గడ్డ మీదే. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లె బడుల్లో, తెలుగు పిల్లలకోసం, ఊరి మాటలతో తయారుచేసిన కార్డులు చూసి, 1995 ప్రాంతంలో హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు తమ బడుల్లో మొదలుపెట్టారు. తర్వాత రాష్ట్రమంతా పాకింది. మన దగ్గర మొలిచినదాన్ని కన్నడంవారు సిగ్గుపడకుండా తీసుకుని తమ పిల్లలకు పెట్టుకున్నారు. వాళ్ళ అక్షరాలు మనం తీసుకుంటే మైల పడిపోతామా?

లిపి పవిత్రత గురించి ఉపన్యాసాలిచ్చే వారికి రెండు పేర్లు చెబుతాం. మొదటిది కైవారం తాతయ్య, అంటే యోగి నారేయణ. ఆయన తెలుగు పాటలు కోలారు, చిక్కబళ్ళాపురం, బెంగళూరు భజన మందిరాల్లో ఈనాటికీ కన్నడ లిపి పుస్తకాలు చూసే పాడుతున్నారు. త్యాగరాజ కృతులూ ఈ ఊళ్ళో అంతే. భక్తికి పనికొచ్చిన లిపి పిల్లల చదువుకు ఎందుకు పనికిరాదో చెప్పండి. రెండో పేరు గిడుగు రామమూర్తి. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, 1863. మీరు దండ వేసే ఆ ఫోటోలోని మనిషి పర్లాకిమిడిలో ఉండి, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని పట్టుబట్టి, ఆ భాష నేర్చుకుని, సొంత డబ్బు పెట్టి బడులు నడిపి, సవరకు సొంత లిపి లేని రోజుల్లో తెలుగు అక్షరాలనే పెట్టుకుని పుస్తకాలు రాశాడు. మాట పిల్లలది, అక్షరాలు పక్కింటివి. ఆయన చేసినది ఇదే. ఆయన పుట్టినరోజు సభకు ఈ పని చేసినందుకే మమ్మల్ని రావద్దన్నారు! ఆయన ఈనాడు బతికుంటే ఆయన ఆహ్వానమూ ఫోన్లోనే రద్దయ్యేది.

తెలుగు లిపి రాకపోతే తెలుగు సాహిత్యానికి దూరమవుతారన్న మాటలో నిజం ఉంది. నేర్పండి, ఎవరొద్దన్నారు? కథ రుచి తగిలిన పిల్లకు రెండో లిపి, అందులోనూ అన్నదమ్ముల్లాంటి లిపి, ఓ వేసవి సెలవుల పని. రుచి తగలని పిల్లకు అక్షరమాల ఎన్నాళ్ళు దిద్దించినా చెయ్యి నొప్పే మిగులుతుంది.

భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించేందుకు ప్రయత్నించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఏ అధికరణం చెబుతోంది. కర్ణాటకలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవారు 2011 జనగణనలో 35 లక్షలకు పైగా. ఏ మాధ్యమంలో చదవాలో ప్రభుత్వం నిర్బంధించరాదని 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చాక అమ్మానాన్నలు ఇంగ్లీషు బడి వైపే నడిచారు. వాళ్ళను తిట్టి లాభం లేదు, మేమూ తిట్టం. చీరల అంగట్లో రోజంతా నిలబడే నాన్న కొడుకు ఆఫీసులో కూర్చోవాలనుకుంటే తప్పేముంది? తెలుగు మాధ్యమం బళ్ళు తిరిగొస్తాయని మేం కలలు కనడం లేదు. బడి ఇంగ్లీషుదే కానివ్వండి. ఆదివారం గంటన్నర మనది. ఆ గంటన్నర కూడా పద్యాలు అప్పజెప్పించడానికే వాడుకుంటామంటే, తర్వాతి తరం తెలుగు చదవడం లేదని కన్నీరు పెట్టుకునే హక్కు మనకు లేదు.

ఈ సంచిక నుంచి ప్రతి నెలా పిల్లల పేజీలో ఒకే కథను పక్కపక్కన తెలుగు, కన్నడ లిపుల్లో వేస్తాం. రచయితలు పంపాల్సిన కథ 150 మాటలు దాటకూడదు. ఇంట్లో మాట్లాడే తెలుగులో ఉండాలి. చివర నీతి ఉంటే కొట్టేస్తాం. కథతోపాటు మూడు ప్రశ్నలు రాయండి. ఒక దానికి జవాబు కథలోని ఒక వాక్యంలో దొరకాలి, ఒక దానికి రెండు చోట్ల చెప్పినది కలుపుకుంటే రావాలి, మూడోదాని జవాబు కథలో ఎక్కడా రాసి ఉండకూడదు. ఆదివారాలు పిల్లలతో కూర్చోగలిగిన చిక్కపేట, బళేపేట, కాటన్‌పేట పాఠకులు పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయండి. లిపి మీద అభ్యంతరం ఉన్నవాళ్ళు కూడా రావచ్చు. వచ్చాక పిల్లల్ని ప్రశ్నలడగాలి, పద్యాలు అడగకూడదు.